మూడో పిలుపు

పాస్టరు టాలివర్ నన్ను చూసి మొహం అటు తిప్పుకున్నాడేంటని అడుగుతున్నావా రోషెల్? తిప్పుకోనీ. పన్నెండేళ్లయింది తిప్పుకోవడం మొదలెట్టి. మెడనొప్పి ఆయనకే గానీ నాకేం? కూచో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఒడెస్సా గురించి విన్నావా నువ్వు? ఒడెస్సా టార్వర్. పేరు తప్ప ఇంకేం వినలేదూ! మరి మన అక్కచెల్లెళ్ల సంఘం, ఈ సొరారిటీలో మీకేం నేర్పుతున్నారే, రంగురంగుల టీషర్టులు కుట్టించుకోవడమా?

కాలేజీలో మేం ఆరుగురం ఒకేసారి చేరాం సంఘంలో. చేర్చుకునే ముందు ఆరు వారాలు మమ్మల్ని పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా నిలబెట్టి, ముందున్నదాని భుజం మీద చెయ్యేసి నడవమనేవాళ్లు. నోరెత్తకూడదు. అందరికన్నా ముందు ఒడెస్సా, చివర్న కరెంటు స్తంభంలా నేను. మాట్లాడొద్దంటే దానికి ఊపిరాడేది కాదు. సీనియర్ అక్క వచ్చి "ఎవరే మాట్లాడింది?" అంటే, "నేనే అక్కా, ఇంకెవరికుంది అంత ధైర్యం?" అనేది. శిక్ష మాత్రం ఆరుగురికీ! ఆ ఆరు వారాల్లో దులిపినన్ని తివాచీలు నేను జన్మలో దులపలేదు. ఎంత తిట్టుకునేదాన్నో. ఇంతకీ ఏం చెప్తున్నానూ? ఆఁ, పాస్టరు.

కాదు, ముందు ఆ కాగితం సంగతి చెప్పాలి. చదువయ్యాక ఇద్దరం ఒకే బళ్లో టీచర్లయ్యాం. పంతొమ్మిదివందల అరవై మూడులో స్కూలు బోర్డు తెల్లదొరలు ఓ కాగితం పట్టుకొచ్చారు. ఓటర్ల జాబితాలో మన నల్లవాళ్ల పేర్లు రాయించేవాళ్లతో మాకేమీ సంబంధం లేదని సంతకం పెట్టాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. మేమిద్దరం కలిసే కదా ఇల్లిల్లూ తిరిగి మనవాళ్ల చేత ఓటు రాయించింది! నేను పెట్టాను సంతకం. అవును, పెట్టాను, అలా చూడకు. మా అమ్మ మంచాన పడి ఉంది అప్పుడు. ఒడెస్సా మాత్రం "అబద్ధం చెప్పిన పిల్లల్ని నేను మూల నిలబెడతాను సార్. ఇక నేనెలా పెట్టను సంతకం?" అని కాగితం వాళ్ల చేతిలోనే పెట్టి వచ్చేసింది. పదకొండేళ్లు, డిగ్రీ చదివిన మనిషి, ఊళ్లోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి బతికింది. నన్ను ఒక్క మాట అన్లేదు. పైగా నా గౌన్లు కూడా లాక్కుని ఇస్త్రీ చేసేది, "టీచరమ్మ ముడతలతో బడికెళ్తే నా పరువు పోతుందే ఎర్నెస్టీన్" అని. తిట్టినా బాగుండేది.

సరే, పన్నెండేళ్ల కిందట ఒడెస్సా పోయింది. జులై నెల. మన పద్ధతి నీకు తెలుసుగా, తెల్లబట్టల్లో శవప్పెట్టె చుట్టూ నిలబడి ముగ్గురు సంఘం అక్కచెల్లెళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయినామెని పేరు పెట్టి పిలవాలి. మూడో పిలుపుకీ పలక్కపోతే అప్పుడు "వెళ్లిరా" అని ఆమె బట్టలకున్న సంఘం పిన్ను తీసుకుని, హాజరు పుస్తకంలో పేరు కొట్టేస్తాం. అది జరక్కపోతే సాగనంపినట్టే కాదు. ఒడెస్సా ఆస్పత్రిలోనే నా చెయ్యి పట్టుకుని చెప్పింది, "మూడో పిలుపు నువ్వే పిలవాలే పొడుగుదానా, లేకపోతే నేను కదల్ను" అని. ఈ టాలివరేమో, "గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకున్న సంఘాల పూజలు నా చర్చిలో జరగవు సిస్టర్" అన్నాడు. "నువ్వు పుట్టకముందు నుంచీ ఈ చర్చి నేల తుడిచింది ఒడెస్సా, నాయనా" అన్నాను. "అయినా జరగవు" అన్నాడు. లోపల నీది సరే, రోడ్డు నీది కాదుగా! శవాన్ని తెచ్చిన బండిని గేటు బయట, సరిగ్గా ఆయన గది కిటికీ ఎదురుగా ఆపించాను. బండి తోలే బీచమ్ వెనక తలుపు తెరిచి, టోపీ తీసి పక్కకి నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం, తారు చెప్పులకి అంటుకుంటోంది. నలభై ఏడుగురు ఆడవాళ్లం, కొందరు చేతికర్రలతో. ఆయన లోపల ఆర్గను గట్టిగా వాయించమన్నాడు. మేం ఇంకా గట్టిగా పాడాం.

మొదటి పిలుపయింది. రెండోదీ అయింది. నా వంతు. నోరు తెరిచాను, మాట రాలేదమ్మా. ఆ కాగితమే కళ్లముందు, కింద నా సంతకం. ఏ మొహం పెట్టుకుని పిలవను? అందరూ నాకేసే చూస్తున్నారు. అప్పుడు వెనకనుంచి క్లీవన్, ఒడెస్సా మొగుడు. యాభై ఏళ్లు మన మీటింగులప్పుడల్లా బయట కార్లో పేపరు చదువుకుంటూ కూచున్న మనిషి. "డెస్సా!" అని కేకేశాడు, అన్నానికి పిలిచినట్టు. "ఏయ్ డెస్సా!" ఇంక మేమెవ్వరం తట్టుకోలేకపోయాం.

నెల తిరక్కుండా మన సంఘం పైఆఫీసు నుంచి ఉత్తరం. మగవాడు పిలిస్తే చెల్లదట! సభ్యురాలే పిలవాలట, అంతా మళ్లీ చేసి పేరు కొట్టేయాలట. కట్టుకున్నవాడి పిలుపు చెల్లదని రాయడానికి చేతులెలా వచ్చాయో! సరే, చెల్లదన్నారుగా, నేనూ మళ్లీ పిలవలేదు. మూడో పిలుపు కాలేదు కాబట్టి వాళ్ల రూలు ప్రకారమే ఒడెస్సా ఇంకా మనలో మనిషి. ప్రతి నెలా మీటింగులో హాజరు తీసేప్పుడు ముందు దాని పేరే చదువుతాను, "హాజరు" అని నేనే పలుకుతాను. ఎవరన్నా అభ్యంతరం చెప్తారేమోనని ఆగుతాను కూడా. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

రేపట్నుంచి కార్యదర్శివి నువ్వేగా. ఆ పేరు కొట్టించుకు రమ్మని నిన్ను పంపారని నాకు తెలీదనుకున్నావా పిల్లా? ఇదిగో పుస్తకం. ఇదిగో పెన్ను. నేను అడ్డం రాను, కొట్టెయ్. ఊఁ, కానీ. ఏం? చెయ్యి రావడం లేదా? మరైతే ఆ పెన్నుకి మూత పెట్టు, సిరా ఆరిపోతుంది. పీచ్ పళ్లు పెట్టి తీపి పై కాల్చాను, తింటావా?