సమ్మెట దించిన సరవమ్మ

కమ్మరి సరవమ్మకి కుడి భుజం పట్టేసింది. ఎట్టా పట్టేసిందనుకున్నారు? జడేసుకుందామంటే చెయ్యి చెవిదాకా లేవదు. కొలిమి కాడ మొగుడు మోనాచారి కూర్చుని పట్టకారుతో కాలిన నాగలి కర్రు పట్టుకుంటాడు. నిలబడి సమ్మెటతో కొట్టేది ఈమె. ఇరవై ఏళ్ళుగా ఇంతే. ఊళ్ళో మాత్రం ఏమంటారు? "ఆచారి కొట్టిన కర్రు" అంటారు! ఒళ్ళు మండదా మరి? సరే, కథకొస్తా. ఆ చెయ్యి ఇంక రాదేమోనని ఆమెకి భయం పట్టుకుందంట. మొగుడితో చెబితే, నొప్పి లేందెవరికే, ఇంత ఆముదం రాసుకో, తొలకరి ముందర కర్రులు బోలెడున్నాయి అన్నాడంట. ఏమైందంటే, పెద్దాసుపత్రిలో నొప్పులకి అయస్కాంతం మిషను పెట్టారని తెలిసి ఈమె బస్సుకి బయల్దేరింది. మోనాచారి అడ్డంపడ్డాడంట. "ఒసేయ్, ఇనుప రజను మింగి పెరిగిన ఒళ్ళు మనది. ఆ అయస్కాంతం తోలు చీల్చి ఆ ఇనుమంతా లాగేస్తది!" "లాగితే లాగనీ, దాంతో నీకో కొడవలి చేసిస్తాలే" అని పోయింది.

అక్కడ మిషను పెట్టే పిల్ల, "పెద్దమ్మా, ఒంటిమీద ఇనుము తీసెయ్. గుండెలో మిషనేమన్నా పెట్టారా?" అందంట. "గుండే సరిగా లేదు తల్లీ, మిషనెక్కడిది?" అంది ఈమె. భుజానికి మిషను రింగు తగిలిస్తే, ఇప్పుడు లాగుద్ది, ఇప్పుడు లాగుద్ది అని పళ్ళు బిగబట్టి కూర్చుందంట. ఏం లేదు, గుయ్యిమని చప్పుడు, అంతే. "రోజూ రావాలి. ఇంటికాడ చెయ్యి గోడమీద మెల్లిగా పాకించాలి. బాగయ్యేదాకా సమ్మెట ముట్టుకోకూడదు" అందా పిల్ల. "ఆ మాట కాగితం మీద రాసియ్యి తల్లీ, నేను చెబితే మా ఆయన నమ్మడు" అంది సరవమ్మ. కాగితం చూసి మోనాచారి, "మరి కొట్టేదెవరే?" అన్నాడంట. "నువ్వే. నేను పట్టుకుంటా." మొదటిరోజు రెండు కర్రులకే ఆపసోపాలు. మూడోనాటికి కూలబడి, "ఏమే, ఇదింత బరువుందే?" అన్నాడంట. ఇరవై ఏళ్ళకి తెలిసింది చూడండి మహానుభావుడికి!

పన్నెండోనాడు పొద్దున సరవమ్మ అటకమీది చాట అందుకుందంట. అందుకున్నాక గానీ తెలీలేదు, ఏ చేత్తో అందుకుందో! చాట ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుని నవ్విందంట, ఏడ్చిందంట. మిషను గొప్పా, సమ్మెట దించడం గొప్పా అని ఆ పిల్లనడిగితే, "మిషను కొందరికి పనిచేస్తది, కొందరికి చెయ్యదు. నీకు దేంతో తగ్గిందో నాకూ తెలీదు పెద్దమ్మా, తగ్గింది, అది చాలు" అందంట. నిజం చెప్పే పిల్ల, చల్లగా ఉండాలి. మోనాచారికి మాత్రం చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదనే చెప్పిందంట సరవమ్మ. తొలకరి కర్రులన్నీ అయ్యాక చెబుద్దంట. మీరూ నోళ్ళు మూసుకోండి.