చివరి కుట్టు

ఫిన్లాండులోని కుఓపియోలో వాన కురుస్తున్న మధ్యాహ్నం, ఐలి తాను ఆర్నెల్లుగా ఒళ్ళో పెట్టుకుని అల్లిన రంగురంగుల చారల క్రోషే దుప్పటిని మొదటిసారి సోఫా మీద పూర్తిగా పరిచింది. తనకు అల్లిక నేర్పిన పక్కింటి సిర్కా ఎదురుగా కాఫీ తాగుతోంది.

"ఇదేంటే సిర్కా! మొదటి చార మంచమంత ఉంది, చివరి చార తువ్వాలంత ఉంది!"

"ప్రతి వరసలోనూ చివరి కుట్టు వదిలేశావు మరి."

"నీకు ముందే తెలుసా?"

"మూడో చారకే తెలుసు. ఆ నీలం దగ్గర."

"తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా?"

"మీ ఆయన చనిపోయిన నెలే కదా అది. పొద్దస్తమానం ముసుగుతన్ని పడుకునేదానివి. ఆ నీలం చార అల్లుతూ, చాన్నాళ్ళకి నోరు తెరిచి కాఫీ అడిగావు. తప్పుందని చెబితే అంతా ఊడదీసి మళ్ళీ ముసుగేస్తావని భయమేసింది."

ఐలి వేళ్ళతో ఆ నీలం చారని తడిమింది.

"నిజమే. అదే చేసేదాన్ని."

"పోనీ ఇప్పుడు ఊడదీద్దామా? సాయం పడతాను."

"దీని మీద చెయ్యేశావంటే ఊరుకోను! ఇలా వచ్చి కూర్చో. వెడల్పు వైపు ఇద్దరి కాళ్ళకీ సరిపోతుంది. రేపు నీకోసం ఇంకోటి మొదలుపెడతాను."

"నాకెందుకే?"

"ఉంచుకో. ఈసారి మాత్రం తప్పు చేస్తే అక్కడికక్కడే తిట్టు. తట్టుకోగలను."