వాడిన నీళ్లు

1988లో, కోదాడ కాలేజీ ల్యాబు. భార్య పోయిన ఏడాదికి, ఆమె బందరులో నింపిన సముద్రపు నీళ్ల సీసాను లెక్చరరు బల్ల మీద పెట్టాడు.

“ఇన్నాళ్లు వెలుగు కొలిచే మిషన్ల పెట్టి ఎందుకు సూడలే సార్?” అన్నాడు అటెండరు.

“వెలుగును ఎంత మింగుతయో సూడాలంటే నీళ్లు వాడాలె గదా. వాడినవి మళ్ల సీసల పోయొద్దని పిల్లలకు చెప్పేది నేనే.”

“మిషన్ ఉత్త నీళ్లతోని సున్నకు తెచ్చిన. ఇగ అమ్మగారి నీళ్లు పెట్టన్నా?”

“పెట్టు.”

“అంకె రాసుకున్నరా? ఎట్లుంది సార్?”

“ఎట్లా లేదు. అంకె, అంతే.”

“అటు తిరిగినరేంది?”

“నువ్వు సింకుల పోసేది సూడలేను.”

“జర సీస మూత తియ్యుండ్రి.”

“రూలు?”

“అది పిల్లల సీసలకు. ఈ నీళ్లు పోసిన గాజు గొట్టం పొద్దున్నే నేనే మంచిగ కడిగిన. పోయింది వెలుగే సార్, నీళ్లు పోలే.”

లెక్చరరు మూత తీశాడు.