మాటల్లేని ఏషం

సకల జనుల సమ్మె నాటి జనగామ. చౌరస్తాలో దీక్షా శిబిరం వెనక సినిమా నటుడు వెంకట్రాం, ఒకప్పుడు అతనితో నాటకాలాడిన భద్రయ్య.

"రెండే రెండు మాటలు, భద్రయ్యా. మైకు ఇయ్యి, మాట్లాడి దిగిపోతాను."

"దిగిపోతాను! ఏం తేటగున్నదే నీ భాష."

"అలవాటు... దిగిపోత. సరేనా?"

"ఒద్దు సారూ. నువ్వు నోరు తెరిస్తె జనం నవ్వుతరు."

"నవ్వరు. నేను గూడ గీ మట్టిల పుట్టినోన్నే అని చెప్త."

"నాకు చెప్పు, సూద్దాం."

"అన్నలారా, అక్కలారా, నేను మీ జనగామోన్ని..."

"అగో, ఇన్నవా? టెంటుల పొల్లగాండ్లు ఇకిలిస్తున్నరు. సినిమాల పనోని ఏషమోడు వచ్చిండంటున్నరు."

"రాజు ఏషం ఏసిన, డాక్టరు ఏసిన, ఖూనీలు చేసినోన్ని ఏసిన. అందరికి గా పనోడే యాదికున్నడా?"

"రాజుకు ఏ భాష పెట్టినవ్?"

"గది..."

"డాక్టరుకు?"

"డైరెక్టర్లు చెప్పినట్టు చెప్పిన, భద్రయ్యా."

"పనోనికి మాత్రం నా భాష పెట్టినవ్. మాటమాటకు నేను 'గదేందంటే' అంట. గది గూడ ఇడ్సిపెట్టలే."

"నువ్వంటే పావురంతోని, ప్రేమతోని పెట్టిన."

"పావురమా! నీ సినిమా వచ్చినంక గూడూరుల నేను రాజు ఏషం కట్టి 'గదేందంటే, మంత్రీ' అన్న. జనమంత పడిపడి నవ్విండ్రు. కిరీటం తీసి పెట్టెల పెట్టిన. మల్ల స్టేజి ఎక్కలే."

"నాకు తెల్వదు..."

"తెలిస్తె ఏం చేస్తుంటివి?"

"ఏం చేస్తుంటినో... గా ఏషమే ఏస్తుంటి. నాకు గదే అన్నం పెట్టింది. తప్పే. ముసలోన్నయిన భద్రయ్యా, ఒక్కసారి నన్ను మీల కలుపుకోండ్రి. మైకు ఒద్దంటె ఒద్దు. ఏ పనన్న చెప్పు."

"ఏ పనైనా?"

"డప్పు కొట్టుమన్నా కొడ్త."

"అయితె ఒక ఏషం ఉన్నది. ఇయ్యాల మాది శవయాత్ర. పాడె కట్టినం. పండుకోవాలె, గంతే. మాటల్లేవు."

"శవమా?"

"నీకు రాని ఏషం లేదంటరు గద."

"ఏస్త! దిష్టిబొమ్మ కంటె మనిషుంటెనే మంచిగుంటది. ఊపిరి ఆడేది గూడ కనవడనియ్య, సూడు. ఎవలన్న ఏడుస్తరా?"

"ఏడుసుడా? మీద ఉమ్ముతరు. చెప్పులేస్తరు."

"ఎయ్యనీ. నన్ను కాదు గద! ఎవల శవం, మంత్రిదా? ఆయన మూతి ఎట్ల పెడ్తడో ఒక్క ఫోటో సూపెట్టు, అచ్చం దించుత."

"ఫోటో అక్కెర్లే. రంగు గూడ అక్కెర్లే."

"ఎందుకు?"

"శవం నీదే."

"నాదా?"

"పాడెకు కట్టిన అట్ట మీద నీ పేరే రాసినం. మన భాషను నవ్వులపాలు చేసినోడని. పొద్దుగాలనే రాసినం, నువ్వు వస్తవని తెల్వకముందే. పండుకుంటవా, పోతవా? పోరగాండ్లు పిలుస్తున్నరు."

"తలకాయ ఎటు పెట్టాలె?"