ఢిల్లీ బండికి అడ్డం

సకల జనుల సమ్మె రోజులు. మానుకోట స్టేషన్ దగ్గర, ఆగిపోయిన ఢిల్లీ రైలు ముందు, పట్టాల మీద వంటావార్పు సాగుతోంది.

"లే బాపు! గీ ఒక్క బండి పోనియ్యి."

"హీరాలాల్! నువ్వేంది... గీడున్నవేంది బిడ్డా?"

"గా బండిలకెల్లే దిగొచ్చిన. ఖమ్మంల ఎక్కిన."

"ఇయ్యాల్టి బండా? ఇయ్యాల్టి బండి ఎట్లెక్కినవ్ నువ్వు?"

"ఎట్లెక్కితే ఏంది! లే ముందుగాల. ఎల్లుండి పొద్దుగాల కొండలెక్కే జట్టు ఢిల్లీల బయలెల్లుతది. నేను లేకుంటే నన్నిడిచి మంచు గుట్టకు పోతరు."

"నేనొక్కన్ని లేస్తే బండి కదుల్తదా? ఎనక చూడు. గంగారం దిక్కు తండాలకు తండాలే వచ్చినయ్. అగో, గా పొయ్యి కాడ తొర్రూరోళ్లు."

"నువ్వు చెప్తే వింటరు. కమిటీల పెద్దోనివి."

"గందుకే లేవరాదు. అందరి పిల్లలను బడి బంద్ పెట్టిచ్చి కూసోవెట్టిన. నా కొడుకు కోసం లేస్తే ఏం మొకం వెట్టుకొని తండాకు పోవాలె?"

"మరి నా సంగతేంది? భువనగిరి గుట్టకు తాడేసి నేర్చుకున్న కాడికెల్లి ఒక్కటే ఆశ బాపు. ఏండ్లకేండ్లు మందివి కెమెరాలు మోసుకుంట కొండలెక్కిన. చలికి వేళ్లు కొంకర్లు పోయినయ్. సినిమాల పేరు మాత్రం వాళ్లదే పడ్డది. గీసారి కెమెరా నాది, సినిమా నాది. నేను పోకుంటే ఇంకొకన్ని తోల్కపోతరు. మళ్ల నన్నెవడు పిలుస్తడు?"

"ఎరుకే బిడ్డా."

"ఎరుకైతే గిట్లనే కూసుంటవా? నాకొద్దా తెలంగాణ? పైన పాతుదామని జెండ సంచిలనే పెట్టుకున్న!"

"ఒర్రకు. అందరు చూస్తుండ్రు."

"చూడనియ్యి! సరే, ఏదన్న బస్సు..."

"బస్సులెక్కడియిరా, సమ్మెల?"

"జీపు? కాజీపేట దాంక జీపు దొర్కదా?"

"రాత్రే తొవ్వ పొడుగు చెట్లు కొట్టి అడ్డమేసిండ్రు."

"ఎవలేసిండ్రు?"

"మనోళ్లే... నేనే ఎయ్యిమన్న."

"అయిపాయె. అయితే నేనేం చెయ్యాలె? చెప్పు, ఏం చెయ్యాలె?"

"జర కూసో. అన్నమైంది, ఇంత తిను."

"నా బతుకు ఆగమైతుంటే అన్నం తినుమంటవా!"

"ఇంకేం పెట్టాలెరా నేను? నా చేతిల గంటె తప్ప ఏమున్నది?"

"గింత దాంక వచ్చి గీడ్నే ఆగిపోతినే బాపు!"

"ఏడ్వకు బిడ్డా. గది సరే, నీ టికెట్ నిన్నటిది గదరా?"

"నిన్నటిదే. నిన్ననే రైల్ రోకో ఉంటదంటిరి గద. నా బండికి నువ్వే అడ్డం కూసునుడు, నేనొచ్చి లెమ్మనుడు... అందరి ముంగట నిన్ను పరేషాన్ చెయ్యబుద్ధి కాలే. చప్పుడు చెయ్యక ఇయ్యాలకు మార్చుకున్న. ఖమ్మంల పొద్దుగాల బండ్లు నడుస్తుంటే, మీది నిన్ననే ఒడిసిందనుకున్న. ఇయ్యాల ఎందుకు కూసున్నరు మీరు?"

"నిన్న నువ్వు పోతవని... కమిటీల అందర్ని బతిమిలాడి రోకోను ఇయ్యాలకు జరిపిచ్చింది నేనేరా."