ఎర్రమన్ను కింద నెత్తురు

ఉరుకుందమ్మ అని ఉండె మా ఊర్లో, మొగుడు లేడు, ఒక్కగానొక్క కొడుకు మద్దిలేటి. ఆ పిల్లోడు మారెమ్మ గుళ్లో నగలకు కాపలా ఉంటాండె అనుకో. ఏమైందంటే, జాతర అయిన తెల్లారి జూస్తే నగలూ లేవు, మద్దిలేటీ లేడు. ఇంకేముంది! గుడి పెత్తనం జేసే గిడ్డయ్య నెత్తీనోరూ కొట్టుకోని, వాడే ఎత్తుకోని పారిపాయెనని ఊరంతా చెప్పినాడంట. ఊరు నమ్మింది. నమ్మదా మరి, పెద్దమనిషి చెప్పె! ఉరుకుందమ్మ బోరింగు కాడికి పోతే "దొంగోని తల్లి" అని పక్కకు జరుగుతాండ్రంట. ఆయమ్మ ఏడ్చలేదు సామీ. నా బిడ్డ అమ్మోరి సొమ్ము ముట్టడు, వానికేదో అయింది, ఎతుకుతా అని తిరుగుతానే ఉండాది.

తిరిగి తిరిగి గుళ్లోకి పోతే, నగలు పెట్టే అర్రలో ఒక గోడకు ఎర్రమన్ను కొత్తగా పూసిండారు. ఒక్క గోడకే, అదీ నడుం ఎత్తు దాకా. మీరే చెప్పండి, ఎర్రమన్ను జాతరకు ముందు పూస్తాం గానీ, అయినాక పూసేవాండ్లను యాడన్నా జూసినారా? నేరుగా పోలీసుటేసనుకు పాయె. ఎస్సైయమ్మ దండిగా మంచిది, ఆ మాట ఇని, టౌను నుంచి నెత్తురు పరీక్ష జేసే ఆఫీసరమ్మను పిలిపించె. ఆఫీసరమ్మ గ్లౌజులు ఏసుకోని, మన్ను మెల్లగా గీకి, కింద గోడను దూదితో అద్ది, ఏదో మందు చుక్క ఏస్తే, దూది గులాబీ రంగు తిరిగె! "రక్తంలాగే ఉంది" అనె. గిడ్డయ్య ఊరుకుంటాడా, జాతరంటే పొట్టేళ్ల నెత్తురు కాదామ్మా, యాడ జూసినా అదే అన్నాడంట. ఉరుకుందమ్మకు రోసం పొడుచుకొచ్చె. "అది గుడి ముందర పడే నెత్తురు. మా అమ్మోరి గడప లోపలికి కోడి నెత్తురు గూడ రాదు" అనె. అప్పుడు ఆఫీసరమ్మ అనిందంట, "మనిషిదో పొట్టేలుదో పరీక్షలో తేలుతుంది పెద్దమ్మా. మనిషిదైతే, నీ బిడ్డదో కాదో నీ రక్తంతో పోల్చి చెప్తాం" అని. ఉరుకుందమ్మ చెయ్యి చాపి, "ఎంత గావాల్నో తీసుకో తల్లీ" అనె. రవ్వంత చాలంట!

ఏం తేలిందంటే, అది మనిషి నెత్తురే, ఉరుకుందమ్మ కడుపున పుట్టినోనిదే. ఎస్సైయమ్మ గిడ్డయ్యను కూసోబెట్టి అడిగితే అంతా కక్కినాడు. నగలు దొంగిలిస్తాంటే పిల్లోడు అడ్డం పడినాడంట, కొట్టి సంపి, పాడుబడిన బాయిలో ఏసినాడంట. నగలు వాని గడ్డివాములో దొరికె. ఆ పొద్దు ఏడ్చింది జూడండి ఉరుకుందమ్మ, ఆ ఏడుపు ఇన్నోల్లకు ముద్ద దిగలేదు.

బాయిలోంచి పిల్లోన్ని తీసి మట్టి జేసినాక పెద్దమనుషులు పోయి, నీకేం గావాల్నో అడుగమ్మా అన్నారంట. "నా కొడుకు దొంగ కాదని ఈది ఈదికీ దండోరా ఏపిచ్చండి" అనె. ఏపిచ్చినారు. డప్పు ముందర తలెత్తుకోని నడిచింది సామీ, జనమంతా అరుగులు దిగి నిలబడిరి. గిడ్డయ్య ఇంటి కాడికి వచ్చేతలికి మాత్రం చెయ్యెత్తి డప్పు ఆపించె. "లోపల వాని పిల్లోల్లుండారు, వాండ్లేం జేసినారు, పదండి" అనె.

అదీ ఉరుకుందమ్మంటే! మీది ఏ ఊరని ఎవరన్నా అడిగితే నేను ఊరి పేరు చెప్పను నాయనా, ఉరుకుందమ్మ ఊరు అంటా. ఎవరాయమ్మ అన్నాడనుకో, కూసోబెట్టి ఇదంతా చెప్తా. వాని బస్సు పోతే నాకేం!