పులిహోర కలిపే చెయ్యి

అమృతా, ఈ మాట నాకు ముందు చెప్పింది మా కోడలు ధాత్రి. కారు అద్దం మీద మంచు గీకుతూ చెప్పింది. "మావయ్యా, మీ చేతికి పందితోలు అతికించారని మన తెలుగు అసోసియేషనంతా అనుకుంటున్నారు" అని. ఈ పుకారు పుట్టించింది మన వంటల్లో చెయ్యి పెట్టే అమరేశ్వరరావు. ఇంకెవరు? నా పులిహోరంటే వాడికి మొదట్నుంచీ కడుపుమంటే.

నువ్వు సెక్రటరీవి, అందుకని నీ దగ్గరికొచ్చా. కాఫీ వద్దు. కూర్చుని విను.

తాలింపు నూనె పడి చెయ్యి కాలిన మాట నిజమే. వేళ్ళ మీంచి మణికట్టు దాకా తోలు ఊడొచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ నా తొడ మీంచి గోరంత చర్మం తీసింది. నా తొడే, వింటున్నావా? దాన్ని గాజు గిన్నెలో వేసి, ఒంటి వేడిలో ఉంచి, మేత పెట్టి పెంచారు.

మొన్న మా ఇంట్లోంచి చెంచాడు తోడు పట్టుకెళ్ళావుగా? మీ ఇంట్లో అది గిన్నెడు పెరుగైంది. ఆ గిన్నెడూ మా ఇంటి పెరుగు కాదూ? ఇదీ అంతే.

కాలినచోట ముందొక వల పరిచారు, తీగకి పందిరి వేసినట్టు. దాని మీద నా చర్మం పాకింది. పందిరి తర్వాత దానంతటదే కరిగిపోతుందట. మోకాలి గుజ్జు, మూత్రం సంచీ కూడా ఇలాగే పెంచి కొందరికి పెట్టి చూశారట. గుండె మాత్రం ఇంకా చేతకావట్లేదట, లోపల నెత్తురు దారులన్నీ వెయ్యడం కష్టమట. మరి నాలుక కుదురుతుందా అని అడిగాను. నాక్కాదు, అమరేశ్వరరావుకి. ఆవిడ నవ్వలేదు.

ఇప్పుడేమో ఉగాది వంటకి నన్ను గ్లవ్స్ వేసుకుని కలపమంటారా? ఉప్పు కలిసిందో లేదో, నూనె చాలిందో లేదో వేళ్ళకి తెలియాలి కదమ్మా. గ్లవ్స్‌తో కలిపితే అది పులిహోరా, సిమెంటా? నాకిష్టం లేకపోతే వాడే గరిటెతో కలుపుతాట్ట. మెతుకు చితికిపోదూ?

నాకు రాత సరిగా రాదు. నువ్వు గ్రూపులో రాయి. "రాఘవులు గారి చేతి మీదున్నది రాఘవులు గారి సొంత చర్మం. ఆదివారం ఆయన ఉత్త చేత్తోనే కలుపుతారు." గారు రెండుచోట్లా ఉండాలి.

ఏంటీ? వల దేంతో చేశారా?

ఎందుకమ్మా అవన్నీ.

ఆవు. ఆవుతోలులోంచి తీసిన పీచులాంటిదట. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆ మంటలో నాకే బుర్రకెక్కలేదు. అయినా కరిగిపోయింది కదా? లేనిదాని గురించి రాయడం దేనికి?

పంది కాదని మాత్రం రాయి. ఇప్పుడే, నా ముందే.